టైరు గొప్పదా, ఇంజను గొప్పదా?

కిందటి నెల ఈ శీర్షికలో గాజుగదిలో గోంగూర పెంచే విధానం వ్రాశాము. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఇంతవరకు మా ఏ రచనకూ రాలేదు. ఎన్ని అంటారా? నాలుగు. అందులో మూడు విత్తనాలు పంపమని, నాలుగవది మా పద్ధతిలో వేసిన మొక్క చచ్చిపోయిందని. ఆ ఉత్సాహంతోనే ఈ నెల మరొక గృహసమస్యను పాఠకుల ముందు పెడుతున్నాము. మా ఇంట్లో ఆరు వారాలపాటు అన్నం దగ్గరా, కాఫీ దగ్గరా నలిగిన సమస్య ఇది. కారు కొనాలా వద్దా అన్నది కాదు. కొనాలని తేలిపోయాక, అందులో ఏ ఇంజను, ఏ టైర్లు అన్నది.

వీరి వైభవం చాటుకోవడానికి మన పత్రికే దొరికిందా అని పాఠకులు అనుకోవచ్చు. అందుకే కారు పేరు చెప్పము. ఖరీదైన జర్మను సెడాను అని మాత్రం ఒప్పుకుంటాము. ఇరవై రెండేళ్ళుగా ఈ దేశంలో మేము నడిపినవన్నీ జపానులో ఒకరు వాడి వదిలేసిన కార్లే. 1980ల చివర దిగుమతి ఆంక్షలు సడలించాక అవి ఓడలకొద్దీ వచ్చాయి. 1998లో ఇక్కడి అసెంబ్లీ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మనబోటి వలస కుటుంబాలకు ఆ పాత జపాను కార్లు చేసిన ఉపకారం చిన్నది కాదు. రేడియో జపాను భాషలో మాట్లాడినా, ఇంజను మాత్రం అన్ని భాషల వాళ్ళకూ విశ్వాసంగా పనిచేసింది. అయినా పిల్లలు పెద్దవాళ్ళై, ఇంటి అప్పు తీరే దశకు వచ్చాక, ఒక్కసారైనా మొదటి యజమానులం అవుదామని మాకూ కోరిక పుట్టింది. ఇది మానవ సహజం.

అయితే కారు మార్చడానికి అసలు కారణం ఆ కోరిక కాదు. జూలైలో జరిగిన ఒక సంగతి.

మా శ్రీమతి ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఆన్‌కాల్ రోజుల్లో తెల్లవారుజామున ఫోను మోగితే ఆలోచించడానికి వ్యవధి ఉండదు. మా ఇల్లు కొండమీద. డునెడిన్‌లో కొండమీద లేని ఇల్లు కావాలంటే సముద్రం ఒడ్డుకు పోవాలి కదా. ఆ రోజు అయిదు గంటలకు ఆమె బయలుదేరింది. మేము కిటికీలోంచి చూస్తూనే ఉన్నాము. రోడ్డు తడిగా ఉన్నట్టు నల్లగా మెరుస్తోంది. అది తడి కాదు, మంచుపొర. కారు వీధి మలుపు దాకా మామూలుగానే పోయింది. అక్కడ బ్రేకు దీపాలు ఎర్రగా వెలిగాయి. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, కారు పోతూనే ఉంది. చప్పుడు లేదు, కీచుమనడం లేదు. పడవ ఒడ్డు వదిలినట్టు మెల్లగా, పక్కకు తిరిగి, ఎదుటివారి తపాలాపెట్టెకు రెండు బెత్తల దూరంలో కాలిబాట అంచును కొట్టుకుని ఆగింది. మేము ఇంటి చెప్పులతోనే పరుగెత్తి, మేమూ జారిపడ్డాము. అది వేరే సంగతి. ఆమెకు దెబ్బ తగలలేదు. కారు దిగి, గోడలు పట్టుకుని రెండు వీధులు నడిచి, టాక్సీ ఎక్కి వెళ్ళింది. సాయంత్రం వచ్చి, "ఏమండీ, ఆపరేషను బల్లమీద ఉన్న మనిషి నాకోసం పావుగంట ఆగాడు" అంది. అంతకంటే ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువగా తగిలింది. ఎందుకంటే ఆ టైర్లు ఇంకో ఏడాది వస్తాయిలే అన్నది మేమే.

నెల ముందే ఆ కారుకు వారంట్ ఆఫ్ ఫిట్‌నెస్ ఇచ్చారు. చట్టప్రకారం టైరు గాడి లోతు 1.5 మిల్లీమీటర్లుంటే చాలు. మా టైర్లకు అంతకంటే కాస్త ఎక్కువే ఉంది. కనుక తప్పు ఎవరిదీ కాదు. చట్టం కనీసం ఎంతో చెబుతుంది, క్షేమం ఎంతలో ఉందో చెప్పదు. ఈ తేడా తెలియడానికి మాకు ఒక తపాలాపెట్టె కావలసి వచ్చింది.

ఇక డీలరు దగ్గరికి వెళ్దాము. కాఫీ ఇచ్చారు, బిస్కట్లు ఇచ్చారు, నున్నటి కాగితం మీద అచ్చువేసిన పుస్తకం ఇచ్చారు. అందులో ఇంజన్ల గురించి ఆరు పేజీలు, తోలు సీట్ల గురించి నాలుగు పేజీలు, చక్రాల రిమ్ముల గురించి రెండు పేజీల బొమ్మలు. టైర్ల గురించి ఒక్క వరుస. గుర్రాన్ని వర్ణించి లాడం సంగతి మరిచిపోయినట్టుంది.

మొదట ఇంజను సంగతి. అందరికీ తెలిసిన ఉదాహరణ తీసుకుంటాము. 2019లో వచ్చిన బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో 320ఐ అని ఒకటి, 330ఐ అని ఒకటి ఉన్నాయి. పేరు చూసి ఒకటి రెండు లీటర్లు, రెండవది మూడు లీటర్లు అనుకుంటాము. కాదు. రెండిటిలోనూ నాలుగు సిలిండర్ల, 1998 సి.సి. టర్బో ఇంజనే. మొదటిది 135 కిలోవాట్లు, 300 న్యూటన్ మీటర్లు. రెండవది 190 కిలోవాట్లు, 400 న్యూటన్ మీటర్లు. టర్బో ఎంత గాలి నెడుతుంది, దానికి తగ్గట్టు ఎంత పెట్రోలు పోస్తుంది, ఆ ఒత్తిడికి లోపలి భాగాలు ఎంత గట్టిగా చేశారు అన్నదే ముఖ్యమైన తేడా. మా కారులోనూ ఇంచుమించు ఇటువంటి చిన్నన్న, పెద్దన్నల జోడీయే ఉంది. ఇద్దరూ 95 ఆక్టేను పెట్రోలే తాగుతారు. 91 పోసి పొదుపు చేద్దామంటే కుదరదు.

పదిహేడేళ్ళ మా అబ్బాయి ఓటు పెద్ద ఇంజనుకు. "నాన్నా, ఇన్ని కొండలున్న ఊళ్ళో చిన్న ఇంజను ఏమిటి?" అన్నాడు. మాట సబబుగానే ఉంది. ప్రపంచంలోకెల్లా నిటారు వీధి మన బాల్డ్విన్ స్ట్రీటే కదా. 2019లో వేల్సులోని హార్లెక్ వారు ఆ కిరీటం ఎగరేసుకుపోతే, 2020లో కొలత మళ్ళీ చూసి మనకు తిరిగి ఇచ్చారు. నూటికి 34.8 వాలు. 1846లో చార్లెస్ కెటిల్ అనే సర్వేయరు ఎడింబరో నగరాన్ని మనసులో పెట్టుకుని గళ్ళనుడి కాగితం పరిచినట్టు వీధులు గీస్తే, కొండలు తప్పుకోలేదు, వీధులూ తప్పుకోలేదు. 1881లో శాన్‌ఫ్రాన్సిస్కో తరువాత కేబుల్ ట్రాములు ఇక్కడికి రావడానికి కారణం అదే. గుర్రాలు ఎక్కలేకపోయాయి.

అయినా మేము చదువుకున్న చదువు పూర్తిగా మరిచిపోలేదు. అన్నాల బల్ల మీద కాగితం పెట్టి లెక్క వేశాము. మనుషులతో కలిపి 1700 కిలోల కారు, పదికి ఒకటి వాలున్న రోడ్డు మీద, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి బరువు మోయడానికే రమారమి 37 కిలోవాట్లు కావాలి. గాలినీ, చక్రాల రాపిడినీ కలుపుకుంటే 50 అనుకోండి. చిన్నన్న దగ్గర 135 ఉన్నాయి. అంటే కొండ ఎక్కడానికి చిన్నన్నే ధారాళంగా చాలు.

మరి పెద్దన్న ఎక్కడ అక్కరకొస్తాడు? ఉత్తరంగా వైకవాయిటి వెళ్ళే దారిలో కిల్మాగ్ కొండ మీద, ముందు ఒక లారీ పాకుతుంటే. దాన్ని దాటడానికి 80 నుంచి 100కు వేగం పెంచాలి. మా లెక్కలో చిన్న ఇంజనుకు నాలుగు సెకండ్లకు కాస్త తక్కువ, పెద్దదానికి రెండు సెకండ్ల పైచిలుకు పట్టింది. తేడా ఒకటిన్నర సెకండు. దాన్ని తీసిపారెయ్యము. ఎదురుగా వాహనం వస్తున్నప్పుడు ఒకటిన్నర సెకండు చాలా పెద్దది. కాని అక్కడ దాటడానికి వేరే వరుస వేసి ఉంది. దానికోసం రెండు నిమిషాలు ఆగగలిగితే ఆ ఒకటిన్నర సెకండు కొనుక్కోనక్కరలేదు. ఆగలేకపోవడం ఇంజను లోపం కాదు.

అబ్బాయి ఇంకో బాణం వేశాడు: "అయితే నాలుగు చక్రాలకూ బలం అందే రకం తీసుకుందాం. మంచులో అదే మంచిది." ఇదీ సగం నిజమే. నాలుగు చక్రాలూ నెడితే కారు కదలడం తేలిక. కాని ఆగడానికి అన్ని కార్లకూ నాలుగు చక్రాల బ్రేకులే ఉన్నాయి. మా శ్రీమతి కారు కదలలేక తపాలాపెట్టె దాకా పోలేదు, ఆగలేక పోయింది.

మళ్ళీ కాగితం తీశాము. పొడి రోడ్డు మీద పట్టు 0.8 అనుకుంటే, 50 కిలోమీటర్ల వేగం నుంచి బ్రేకు వేశాక కారు 12 మీటర్లలో ఆగుతుంది. తడిలో 0.5 అనుకుంటే 20 మీటర్లు. మంచుపొర మీద పట్టు 0.1కి దిగితే 98 మీటర్లు. ఇది చదునైన రోడ్డు మీద మాట. పదికి ఒకటి వాలున్న వీధిలో దిగుతున్నప్పుడు ఆ 0.1ని వాలే తినేస్తుంది. లెక్కప్రకారం కారు ఆగనే ఆగదు. ఈ జవాబు చూసి అబ్బాయి పెన్సిలు లాక్కుని తను మళ్ళీ వేశాడు. అదే వచ్చింది. ఆ తరువాత వాడు కిలోవాట్ల మాట ఎత్తలేదు.

కనుక ఇక టైర్లు. కారుకూ నేలకూ చుట్టరికం నాలుగు చోట్లే. ఒక్కొక్కచోట అరచెయ్యంత. పదిహేడు వందల కిలోల బరువూ, మన పిల్లలూ, మన ఉద్యోగాలూ ఆ నాలుగు అరచేతుల మీద ఉన్నాయి.

టైరు పక్కన ఉండే అంకెలు చాలామంది చదవరు. మేమూ చదవలేదు. 225/50 ఆర్ 17 అని ఉందనుకోండి. 225 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 50 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎంతో. 17 అంటే రిమ్ము అడ్డుకొలత, అంగుళాల్లో. ఇదే కారుకు 225/45 ఆర్ 18, 225/40 ఆర్ 19 కూడా వేస్తారు. మొత్తం చక్రం ఎత్తు అన్నిటిలోనూ ఇంచుమించు 66 సెంటీమీటర్లే. రిమ్ము పెరిగినకొద్దీ రబ్బరు తగ్గుతుంది. 17కి పక్కగోడ 112 మిల్లీమీటర్లు, 18కి 101, 19కి 90. అంటే 19 అంగుళాల చక్రానికి మనం ఎక్కువ డబ్బిచ్చి కొనేది ఎక్కువ లోహాన్నీ, తక్కువ గాలినీ. చూడటానికి బాగుంటుంది, కాదనము. మలుపుల్లో కారు చెప్పినట్టు వింటుంది. కాని గుంటలో పడితే ఆ దెబ్బ రిమ్ముకూ, మన నడుముకూ తగులుతుంది. పై పటారం లోన లొటారం అని పెద్దలు కార్లు చూసి అనలేదు గాని, అన్నట్టే ఉంది.

మరొక నాలుగు అంకెలు ఉంటాయి, అవి ఇంకా ముఖ్యం. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడి ఎంత లోతున్నా రబ్బరు ముసలిదైతే గట్టిపడుతుంది. మా పాత కారు టైర్ల మీద ఆ అంకెలు చదివి ఎంత వయసో తెలుసుకున్నాము. ఎంతో ఇక్కడ వ్రాయము, మా శ్రీమతి ఈ పత్రిక చదువుతుంది.

ఇక రబ్బరు రకం. మామూలు వేసవి టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కింద బిగుసుకుపోయి పట్టు తగ్గుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన వెన్నముద్ద లాగ అనుకోండి. శీతకాలపు టైరులో రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది, ముఖం మీద సన్నటి చీలికలు ఉంటాయి. అలాగని ఏడాది పొడుగునా అవే వాడదామంటే వేసవిలో త్వరగా అరుగుతాయి, బ్రేకు దూరం పెరుగుతుంది. జపాను నుంచి వచ్చే పాత కార్లకు కొన్నిటికి ఇవే తొడిగి వస్తాయి, తడి రోడ్డు మీద అవి మోసం చేస్తాయి. పాత కారు కొనేవారు చూసుకోవాలి. ఈ దేశపు నిబంధన ప్రకారం శీతకాలపు టైరు వేస్తే నాలుగు చక్రాలకూ అవే వెయ్యాలి, గాడి లోతు 4 మిల్లీమీటర్లు ఉండాలి.

మన ఊరి ఎండ సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ సూర్యుడు ఉత్తరాన తిరుగుతాడు. ఉత్తరం చూసే ఇంటికి గిరాకీ ఎక్కువ. మన వాస్తు పండితులు విని సంతోషిస్తారు. దక్షిణపు వాలు మీద ఉన్న వీధులకు జూలైలో పొద్దెక్కేదాకా ఎండ తగలదు. రాత్రి మున్సిపాలిటీ వారు గులకరాళ్ళ పొడి, మంచు పట్టకుండా చేసే ద్రవం చల్లుతారు గాని, ప్రతి సందుకూ రాలేరు. ఒకే కొండకు ఒక పక్క వసంతం, ఒక పక్క హిమాలయం.

చివరగా స్టెప్నీ. కొత్త ఖరీదైన కార్లలో చాలావాటికి డిక్కీలో స్టెప్నీ ఉండదని మాకు అప్పటిదాకా తెలియదు. కొన్నిటికి గాలి పోయినా నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు ఇస్తారు. గాలి పోయాక 80 కిలోమీటర్ల వేగం మించకుండా సుమారు 80 కిలోమీటర్లు పోవచ్చు. పక్కగోడ గట్టిది గనుక కుదుపు కాస్త ఎక్కువ. కొన్నిటికి జిగురు సీసా, గాలికొట్టే చిన్న యంత్రం ఇస్తారు. చిన్న మేకుకు జిగురు పనిచేస్తుంది, పక్కగోడ చిరిగితే పనిచేయదు. ఊళ్ళో తిరిగేవారికి ఇది పెద్ద సమస్య కాదు. మనలాగ సెలవు వస్తే పులిహోర కట్టుకుని పిగ్‌రూట్ మీదుగా సెంట్రల్ ఒటాగోకు పోయేవారికి సమస్యే. ఆ దారిలో గొర్రెలు కనిపించినంత తరచుగా పంక్చరు షాపులు కనిపించవు.

ఇన్ని లెక్కలయ్యాక కూడా, దాచకుండా చెప్పాలంటే, మా మనసు పెద్ద ఇంజను, 19 అంగుళాల చక్రాల దగ్గరే ఉంది. ఎందుకు? మా నాన్నగారు బడిపంతులు. జీవితమంతా ఒకే సైకిలు. వెనక టైరు పగిలితే పాత టైరు ముక్క లోపల వేయించి తొక్కేవారు. చక్రం తిరిగినప్పుడల్లా ఆ చోట 'టక్' మనేది. వీధి చివరినుంచే ఆ టక్‌టక్ విని నాన్న వస్తున్నారని తెలుసుకునేవాళ్ళము. మా ఊళ్ళో పెళ్ళికి అద్దె అంబాసిడరు వస్తే, అది కదిలేదాకా దాని చుట్టూ తిరిగేవాళ్ళము. 1489 సి.సి. అని డ్రైవరు చెప్పిన అంకె ఇప్పటికీ గుర్తుంది. అర్థం మాత్రం తెలియదు. ఆ పిల్లవాడు ఇన్నాళ్ళకు కారు షాపులో నిలబడి, ఉన్నవాటిలోకెల్లా పెద్దది కావాలని గునిసాడు. కిలోవాట్లు ఒక వంక.

తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మా అమ్మ ఆరు వారాలూ ఈ వాదన వింటూ ఊరుకుంది. ఒకనాడు చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ, "ఒరే నాయనా, నువ్వు ఎంత వేగంగా పోతావో అడిగేవాళ్ళెవరూ లేరిక్కడ. తెల్లారుజామున పోయేది అది. దానికి ఏది కావాలో దాన్ని అడిగావా?" అంది.

అడగలేదు. ఆరు వారాల్లో ఒక్కసారి కూడా అడగలేదు. నడిపే మనిషిని వదిలి మిగతా ముగ్గురం పార్లమెంటు నడిపాము. ఆ రాత్రి అడిగాము. "ఆగాలి. అంతే. ఎక్కడం ఎలాగో ఎక్కుతుంది" అంది మా శ్రీమతి.

చిన్న ఇంజను తీసుకున్నాము. 17 అంగుళాల చక్రాలు. మిగిలిన డబ్బులో కొంత పెట్టి విడి రిమ్ములతో సహా శీతకాలపు టైర్లు నాలుగు కొన్నాము. మే చివర వెయ్యడం, సెప్టెంబరు చివర తియ్యడం. అవి ఇప్పుడు గ్యారేజీలో ఆవకాయ జాడీల పక్కన ఉన్నాయి. డిక్కీలో పట్టే సన్నపాటి స్టెప్నీ కూడా విడిగా తెప్పించాము. డీలరు మా వంక కాస్త జాలిగా చూశాడు. అబ్బాయి రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడవ రోజు కారు తాళాలు అడిగాడు.

ఈ టైర్లతో మంచును జయించామని మాత్రం పాఠకులు అనుకోవద్దు. మంచుపొర మీద ఏ టైరుకైనా హద్దు ఉంది. మేము నేర్చుకున్న పాఠాల్లో అన్నిటికంటే చవకైనది మరొకటి. చలి రాత్రుల్లో మా శ్రీమతి కారును మలుపు కింద, ఎండ తగిలే వీధిలో పెట్టివస్తున్నాము. నాలుగు నిమిషాల నడక. కిల్మాగ్ మీద లారీ వెనక చిక్కుకున్నప్పుడు పెద్దన్న గుర్తుకొస్తాడు. వస్తే రానిమ్మంటాము.

మొన్న ఆగస్టులో మళ్ళీ తెల్లవారుజామున ఫోను మోగింది. గడ్డి తెల్లగా ఉంది. ఆమె వెళ్ళింది. మేము పక్క మీద కూర్చునే ఉన్నాము. పదిహేను నిమిషాలకు ఫోనులో ఒక మాట వచ్చింది: "చేరాను." ఆ మాటకు ఎన్ని కిలోవాట్లో మాకు లెక్క తెలియదు.

పాఠకులు ఈ నెల ఒక్క పని చెయ్యాలి. ఈ పత్రిక కింద పెట్టి, బయటికి వెళ్ళి, మీ కారు టైరు మీద ఉన్న ఆ నాలుగు అంకెలు చదవండి. చదివి ఇంట్లో అందరికంటే ముందుగా లేచి కారు తీసే మనిషికి చెప్పండి. వచ్చే నెల, గోంగూర చచ్చిపోయిన పాఠకుని కోసం, మట్టి సంగతి.